పద్దెనిమిది అక్షరాల ఎంగిలి

"పది ముప్పై రెండు," అన్నాడు మోహన్. "పన్నెండింటికి హెచ్‌ఆర్ మీటింగ్. మీకున్నవి ఎనభై ఎనిమిది నిమిషాలు, చాముండేశ్వరి గారూ. విజిటర్ బ్యాడ్జీకే రెండు నిమిషాలు పోయాయి."

"మీరు లెక్క చెప్పేసరికి ఇంకొకటి పోయింది. పదండి," అంది చాముండేశ్వరి.

ఆమెకి యాభై రెండేళ్ళు. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. డిటెక్టివ్ లైసెన్సు తీసుకోకముందు పదిహేనేళ్ళు ఇదే డాలస్ చుట్టుపక్కల కంపెనీల్లో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగం చేసింది. రాయమంటే ఒక్క లైను రాయలేదు. చదవమంటే మాత్రం, రాసినవాడు ఆ రోజు భోజనం చేసి రాశాడో లేదో కూడా చెప్పగలదని ఆమెతో పనిచేసినవాళ్ళు అంటారు.

బ్లూ మెస్కిట్ సిస్టమ్స్ డాలస్ పక్కన ప్లేనోలో చిన్న కంపెనీ. డాక్టర్ల క్లినిక్కులకి రౌటర్లు చేసి అమ్ముతుంది. క్లినిక్‌లో ఉన్న కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఆ నీలం డబ్బాగుండానే. మంగళవారం, మార్చి పంతొమ్మిదిన, కంపెనీకి పేరులేని బెదిరింపు మెయిల్ ఒకటి వచ్చింది. అందులో మూడు క్లినిక్కుల పాస్‌వర్డులున్నాయి. వేలమంది రోగుల వివరాలకి తాళంచెవులవి. బుధవారం సాయంత్రానికల్లా సెక్యూరిటీ హెడ్ మోహన్ దొంగని తేల్చేశాడు. అఖిల్. ఇరవై ఏడేళ్ళ ఇంజనీరు. ఇవాళ శుక్రవారం. పన్నెండింటికి అతని ఉద్యోగం తీసేస్తారు. ఉద్యోగంతోపాటే వీసా. పోలీసు కేసు ఆ తర్వాత.

నిన్న మధ్యాహ్నం అఖిల్ భార్య నమ్రత, ఎనిమిది నెలల పాపని చంకనేసుకుని చాముండేశ్వరి గుమ్మంలో నిలబడింది. ఏడవలేదు. "మా ఆయన దొంగ కాదాంటీ. తప్పు చేస్తే నిద్రలో కూడా చెప్పేసే మనిషి," అంది. ఆ ఒక్క మాటకే చాముండేశ్వరి కేసు ఒప్పుకుంది.

కాన్ఫరెన్స్ రూమ్ తలుపు దగ్గర ఒక మనిషి ఎదురొచ్చాడు. నలభై దాటిన వయసు, చేతిలో కాఫీ మగ్గు, కళ్ళలో నిద్రలేమి.

"నమస్తే మేడమ్. లోకేష్‌ని. అఖిల్ టీమ్ లీడ్‌ని. వాడు అమాయకుడండీ. ఎలాగైనా బయటపడెయ్యండి." మోహన్ వైపు తిరిగాడు. "నాకు డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ ఉంది. పన్నెండుకల్లా వచ్చేస్తా."

"వెళ్ళిరా," అన్నాడు మోహన్. గడియారంలో పది నలభై.

లోపల ఇద్దరున్నారు. అఖిల్ తల వంచుకుని కూర్చున్నాడు. హెచ్‌ఆర్ నుంచి సాక్షిగా వచ్చిన శాంతి నోట్‌ప్యాడ్ తెరుచుకుని ఉంది. పదేళ్ళ వయసులో అమెరికా వచ్చిన అమ్మాయి. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే కొంచెం జారుతుంది.

"మీ కేసు చెప్పండి, మోహన్ గారూ."

"సింపుల్. మా రౌటర్‌లో ఒక లోపం ఉందని అందరికంటే ముందు కనిపెట్టింది ఇతనే. దాన్ని సరిచేసే ప్యాచ్ రాసింది ఇతనే. ఆ ప్యాచ్ మార్చి పద్నాలుగున క్లినిక్కులన్నిటికీ వెళ్ళిపోయింది. అంటే తలుపు మూసేశాం. కానీ మెయిల్‌లో ఉన్న మూడో పాస్‌వర్డు ఆ క్లినిక్ వాళ్ళు పద్దెనిమిదిన కొత్తగా పెట్టుకున్నది. తలుపు మూసిన నాలుగు రోజులకి! మూసిన తలుపులోంచి వెళ్ళాడంటే వాడి దగ్గర ఇంకో దారుంది. ప్యాచ్ వెళ్ళిన వారంలోనే ఆ మూడు క్లినిక్కుల్లో రౌటర్ బిగించడానికి వెళ్ళింది ఇతను. దట్స్ ఇట్."

"బిగించడానికి ఒక్కడే వెళ్ళాడా? వీళ్ళకున్నది ఒకటే కారు. అది నమ్రత దగ్గర ఉంటుంది."

మోహన్ గడియారం చూసుకున్నాడు. "లోకేష్ డ్రైవ్ చేశాడు. అదిప్పుడెందుకు?"

"ఊరికే అడిగాను."

శాంతి పెన్ను ఎత్తింది. "సారీ ఆంటీ. లోపం, ప్యాచ్... నాకు టెక్నికల్ రాదు. సింపుల్‌గా చెప్తారా?"

మోహన్ నవ్వాడు. "చెప్పండి మేడమ్. డిగ్రీ అక్కర్లేని భాషలో."

"ఆ భాష నాకు బాగానే వచ్చు," అంది చాముండేశ్వరి. "చూడు శాంతీ. కంప్యూటర్లు ఒకదానికొకటి ఉత్తరాలు పంపుకుంటాయి. వాటిని ప్యాకెట్లంటారు. ఉత్తరం ఎంత చిన్నదైనా కనీసం అరవై అక్షరాల పొడవుండాలని రూలు. ఒక కంప్యూటర్ 'ఉన్నావా' అని అడిగితే ఇంకోటి 'ఉన్నాను' అని చెప్పాలి. ఆ జవాబుకి నలభై రెండు అక్షరాలు చాలు. మిగతా పద్దెనిమిది ఖాళీ గళ్ళు. ఆ గళ్ళలో సున్నాలు నింపి పంపాలి. ఈ డబ్బా సున్నాలు నింపకుండా పంపింది."

"ఖాళీగా పంపింది. సో వాట్?"

"యంత్రం లోపల ఖాళీ అనేది లేదమ్మా. ఇంతకుముందు ఆ చోట ఏముందో అదే ఉంటుంది. ఎవరిదో ఉత్తరం, ఎవరిదో జబ్బు పేరు, ఎవరిదో పాస్‌వర్డు. పక్కింటి పాప తాగిన సీసా కడక్కుండా మన పాపకి పాలు పోసిచ్చామనుకో. పాలు మనవే. అడుగున ఎంగిలి వాళ్ళది."

శాంతి ముఖం చిట్లించింది. నోట్‌ప్యాడ్ మీద ఏదో రాసుకుంది, దాన్ని మళ్ళీ ఒకసారి చదువుకుంది.

"ప్యాచ్ చూపించండి," అంది చాముండేశ్వరి.

మోహన్ ఒక కాగితం బల్ల మీద జరిపాడు. కంపెనీ రికార్డులోంచి తీసిన ప్రింటు. అసలు మార్పు నాలుగే లైన్లు. దాని పైన పదకొండు లైన్ల వివరణ. ఎక్కడ తప్పుంది, ఎప్పట్నుంచి ఉంది, దానివల్ల ఎవరికి హాని, ఎందుకు ఇలా సరిచేశాడు. కింద అఖిల్ పేరుతో సంతకం. ఈ పనిలో అదొక ఆచారం. యంత్రానికి అట్టడుగున ఉండే ప్రోగ్రాంని కెర్నెల్ అంటారు. దాన్ని ముట్టుకునేవాడు ఎవరైనా సరే ముందు కారణం చెప్పాలి, తర్వాత పేరు పెట్టాలి, ఆ తర్వాత ఇంకొకరి చేత చదివించుకోవాలి. ఆ రికార్డు చెరగదు. ముప్పై ఏళ్ళ తర్వాత ఏదో దేశంలో ఎవరో అడిగినా ఈ పదకొండు లైన్లు జవాబు చెబుతాయి.

చాముండేశ్వరి కళ్ళజోడు పైకి తోసుకుని కాగితాన్ని మూడుసార్లు చదివింది. మూడోసారి చదువుతున్నప్పుడు ఆమె వేలు ఒక లైను మీద ఆగిపోయింది. అక్కడ గదిలో ఎవరూ లేనట్టు ఆ లైనుని చూస్తూ ఉండిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆ లైను అక్కడే ఉంది. ఎన్ని వందల కళ్ళు దాని మీదుగా నడిచి వెళ్ళిపోయాయో. తప్పు అక్కడ రాసిన దాంట్లో లేదు. రాయని దాంట్లో ఉంది. రాసినదాన్ని ఎవరైనా చదవగలరు. రాయనిదాన్ని చదివినవాడు ఈ కుర్రాడు.

"నీకిది ఎలా కనబడింది బాబూ?"

అఖిల్ మొదటిసారి తలెత్తాడు. "వేరే టెస్ట్ చేస్తున్న ఆంటీ. 'ఉన్నవా' అని పంపిన. 'ఉన్న' అని జవాబొచ్చింది. దాని తోకల 'డియర్ డాక్టర్' అని ఉన్నది. నేను డాక్టర్‌ని అడగలే గదా! ఎవరో రాసుకున్న ఉత్తరం ముక్క అది. కుర్చీలకెళ్ళి లేచి నిలబడ్డ. ఒళ్ళంత జలదరించింది. ఆ మిషన్‌కి తెల్వదు తనేం చెప్తున్నదో."

"ఎవరికి చెప్పావు?"

"ముందు మా లీడ్‌కి. సోమవారం, పదకొండో తారీకు పొద్దున ప్యాచ్ పంపిన."

"ఈ కాగితం మీద రెండో వర్షన్ అని ఉంది. పదమూడో తారీకు. మొదటిదానికీ దీనికీ తేడా ఏమిటి?"

అఖిల్ గొంతు తగ్గింది. "చిన్నదే. మొదటి దాంట్ల ప్యాకెట్ అసలు పొడవు ఎంతుంటే అంతదాకా తుడిచిన. రెండో దాంట్ల అరవై దాకా తుడిస్తే చాలు అన్నట్టు మార్చిన."

"అన్నట్టు. ఎవరు అన్నట్టు?"

అఖిల్ బల్ల మీది కాగితాన్ని నిటారుగా సర్దాడు.

"నేనే మార్చిన," అన్నాడు చివరికి.

"రైట్," అన్నాడు మోహన్. "విన్నారుగా. తనే మార్చాడు. శాంతీ, రాసుకో."

"శాంతీ, ఆగు." చాముండేశ్వరి కాగితం మీద వేలు పెట్టింది. "నాలుగు లైన్లకి పదకొండు లైన్ల కారణం రాసినవాడు, ఈ మార్పుకి ఒక్క ముక్క కూడా రాయలేదంటే నేను నమ్మను. రాశావు కదూ?"

"రాసిన."

"ఎక్కడ?"

"మూడు గీతల కింద."

మోహన్ కుర్చీలో సర్దుకున్నాడు. చాముండేశ్వరి శాంతి వైపు తిరిగి చెప్పింది. "ప్యాచ్ మెయిల్‌లో వివరణ అయిపోయాక మూడు చిన్న గీతలు పెడతారు. గీతల పైన రాసింది రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. కింద రాసింది చదివి సరిచూసేవాళ్ళ కోసం. మొన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది, ఎవరు మార్చమన్నారు, అలాంటివి. ప్యాచ్‌ని తీసుకునేటప్పుడు ఆ కిందిభాగం తెగిపోతుంది. రికార్డులోకి ఎక్కదు. అందుకే ఈ ప్రింటులో లేదు. అసలు మెయిల్ చూస్తే ఉంటుంది. మోహన్ గారూ, పదమూడో తారీకు మెయిల్ తెప్పించండి."

"అది లేదు."

"లేకపోవడమేంటి?"

"టీమ్ మెయిల్స్ అన్నీ ఒకచోట దాస్తాం. పదమూడో తారీకువి కొన్ని మిస్సింగ్. క్లీనప్‌లో పోయుంటాయి."

"పన్నెండు ఉంది, పద్నాలుగు ఉంది, పదమూడు పోయిందా? మీ చీపురుకి తారీకులు తెలుసన్నమాట. తీసేసే అధికారం ఎవరికుంది?"

"నాకు. టీమ్ లీడ్స్‌కి." మోహన్ ముఖం ఎర్రబడింది. "మేడమ్, విత్ ఆల్ రెస్పెక్ట్, మీరు కొడుకు వయసు కుర్రాడి మీద జాలితో మాట్లాడుతున్నారు. నేను ఎవిడెన్స్‌తో మాట్లాడుతున్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసు నాది. మీకు ఒక ప్రోగ్రాం రాయడం కూడా రాదు."

"రాదు. అందుకే రాసినవాళ్ళ మీద నాకు భక్తి ఎక్కువ, నమ్మకం తక్కువ. ఆ బెదిరింపు మెయిల్ ప్రింటు ఇలా ఇవ్వండి."

మూడు పాస్‌వర్డులు, ఒకదాని కింద ఒకటి. చాముండేశ్వరి కాగితాన్ని శాంతి వైపు తిప్పింది.

"మొదటి రెండూ ఎలా ఉన్నాయి?"

"ఒకే లైను. గ్యాప్ లేదు."

"అవి ప్యాచ్ వెళ్ళకముందు దొంగిలించినవి. మూడోది?"

"ముక్కలు ముక్కలుగా... నాలుగు అక్షరాలు, గ్యాప్. నాలుగు అక్షరాలు, గ్యాప్. మధ్యలో రెండు చుక్కలు."

"చదవడానికి వీలుగా విడగొట్టాడు," అన్నాడు మోహన్.

"బెదిరించేవాడికి మన కళ్ళ మీద అంత దయ ఉంటుందా? ఆ రెండు చుక్కలు వాడికి దొరకని అక్షరాలు. వాడికి ఒక్కోసారి నాలుగే దొరుకుతున్నాయి." ఆమె లేచింది. "ల్యాబ్ చూపించండి."

ల్యాబ్‌లోకి వచ్చేసరికి పదకొండు పది. కిటికీలు లేని చల్లటి గది. గోడ పక్కన అరలో అరచేతి మందాన నీలం డబ్బా, ముందు వరసగా పచ్చ దీపాలు. అమ్మడానికి చేసే డబ్బాల్నే కంపెనీ తనూ వాడుతుంది. మన వంట మనమే తినకపోతే ఎలా అనేది అక్కడ అందరూ అనుకునే మాట. ఆ అంతస్తులో ఉన్న నలభై మంది పనీ ఆ డబ్బాగుండానే నడుస్తోంది.

"ఇందులో ఉన్నది పద్నాలుగున వెళ్ళిన ప్రోగ్రామేనా?"

"అదే. క్లినిక్కుల్లో ఏదుందో అదే."

"అఖిల్ ఏదీ ముట్టుకోడు. నేనూ ముట్టుకోను. మీరే చెయ్యండి, మోహన్ గారూ. 'ఉన్నావా' అని అడగండి."

మోహన్ ఇంకో కంప్యూటర్ ముందు కూర్చుని టైప్ చేశాడు. తెర మీద జవాబు వచ్చింది. నలభై రెండు అక్షరాల తర్వాత వరసగా పద్దెనిమిది సున్నాలు.

"సున్నాలు," అన్నాడు కుర్చీ వెనక్కి వాల్చి. "క్లీన్. కావాలంటే వందసార్లు అడుగుతాను. తోమి కడిగిన గిన్నె, మేడమ్. మీ భాషలో చెప్పాలంటే."

"క్లినిక్కుల్లో ఇలాగే ఉంటుందా? డాక్టర్ కంప్యూటరూ, వెయిటింగ్ రూమ్‌లో పేషంట్ల ఫోన్లూ ఒకే తీగ మీద ఎలా నడుస్తాయి?"

"ట్యాగ్ పెడతాం. ఇది డాక్టర్‌ది, ఇది గెస్ట్‌ది అని ప్రతి ప్యాకెట్‌కీ ఒక చిన్న చీటీ."

"ఆ చీటీ పొడవెంత?"

"నాలుగు అక్ష..." 

మోహన్ కుర్చీ ముందుకి లాక్కుని తెర మీదికి వంగాడు.

"చీటీ అంటించిన ప్యాకెట్ కనీసం ఎంత పొడవుండాలి?"

"అరవై నాలుగు," అన్నాడు అఖిల్ వెనకనుంచి. "నా మొదటి వర్షన్ల అసలు పొడవు అని రాసిన. అరవై నాలుగైతే అరవై నాలుగు దాకా తుడిచేది. అరవై అని మార్చినంక..."

"ట్యాగ్ పెట్టి అడగండి," అంది చాముండేశ్వరి.

మోహన్ వేళ్ళు ఈసారి నెమ్మదిగా కదిలాయి. జవాబు వచ్చింది. శాంతి వంగి, పెన్ను చివరతో తెర మీద లెక్కపెట్టింది. జవాబు నలభై రెండు, చీటీ నాలుగు, ఆ పైన పద్నాలుగు సున్నాలు. ఆ తర్వాత నాలుగు అక్షరాలు. పి, ఐ, జడ్, జడ్.

"ఓ మై గాడ్," అంది శాంతి. "పదింటికి నేను లంచ్ ఆర్డర్ చేశా. పిజ్జా."

ఎవరూ నవ్వలేదు. మోహన్ మళ్ళీ అడిగాడు. ఇంకో నాలుగు అక్షరాలు. మళ్ళీ. ఎవరిదో ఫోన్ నంబరులో ముక్క. మళ్ళీ. ఇంగ్లీషు 'సారీ'లో మొదటి నాలుగక్షరాలు. ఎవరు ఎవరికి సారీ చెప్పారో, ఆ మాట చేరిందో లేదో. మోహన్ దానంతటదే అడుగుతూ ఉండేలా పెట్టి చేతులు వెనక్కి తీసుకున్నాడు. తెర మీద ముక్కలు వరసలు వరసలుగా కిందికి దిగుతున్నాయి. చాలావరకు చెత్త. మధ్యమధ్య అర్థమయ్యే మాట ఒకటి, నీళ్ళలో చేప మెరిసినట్టు మెరిసి పోతోంది.

చాముండేశ్వరి నోటిమీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. ఇది ఆమె ఊహించినదే. ఊహించడం వేరు, కళ్ళతో చూడడం వేరు. ఆ డబ్బాకి పగ లేదు, ఆశ లేదు. మంచివాడు అడిగినా దొంగ అడిగినా ఒకేలా, ఎంతో మర్యాదగా, 'ఉన్నాను' అంటోంది. అంటూ నలభై మంది మనుషుల బతుకుల్లోంచి నాలుగేసి అక్షరాలు చేతిలో పెడుతోంది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. అలుపు లేదు. ఒక అంకె. అరవై నాలుగు ఉండాల్సిన చోట అరవై. అంత చిన్న సందులోంచి ఇంత ప్రపంచం కారిపోతుందా!

మోహన్ తెర వైపు చూస్తూనే మాట్లాడాడు. ఆ గొంతులో ఇందాకటి మనిషి లేడు. "ఇరవై ఏళ్ళుగా సెక్యూరిటీలో ఉన్నాను. తలుపు మూశామని సంతకం పెట్టింది నేనే. మూడో పాస్‌వర్డు పోయింది ఇలాగే, చాముండేశ్వరి గారూ. నాలుగేసి అక్షరాలు. క్లినిక్‌లో ఒక చిన్న మిషన్ తగిలించి, రోజంతా అడుగుతూ కూర్చుంటే చాలు. బిగించడానికి వెళ్ళినప్పుడు ఎవరైనా పెట్టుండొచ్చు."

"బిగించడానికి ఇద్దరు వెళ్ళారు."

మోహన్ కుర్చీ తిప్పి అఖిల్ ఎదురుగా కూర్చున్నాడు. "అఖిల్. నేను పోలీసులా అడగట్లేదు. అరవై అని ఎవరు చెప్పారు?"

అఖిల్ కళ్ళు తుడుచుకున్నాడు. "లోకేష్ అన్న. మంగళవారం నా డెస్క్ కాడికి వచ్చిండు. 'పుస్తకంల ఉన్న రూలు అరవై రా, ఎక్కువ తుడిస్తే స్లో అయితది, మార్చి పంపు' అన్నడు. నాకు మనసులో కొట్టింది సార్. ట్యాగ్ సంగతి ఏంది అని. అడగలే. ఎట్ల అడగాలె? నేను దిగిన రోజు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చింది ఆయన. పాప పుట్టినప్పుడు హాస్పిటల్‌కి డ్రైవ్ చేసింది ఆయన. నా గ్రీన్ కార్డ్ కాయితాల మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. లీడ్ ఒక మాట చెప్తే 'సరే అన్నా' అన్న. అందరం అట్లనే అంటం కదా."

"ఆ మాట పైన రాస్తే ఎప్పటికీ ఉంటుందని, గీతల కింద రాశావు," అంది చాముండేశ్వరి.

"పైన రాస్తే ఆయన మీద కంప్లైంట్ ఇచ్చినట్టుంటది. కింద ఒక్క లైను రాసిన. లోకేష్ గారి సూచన మేరకు అరవైకి మార్చడమైనది, అని. మర్యాదకి."

"ఆ ఒక్క లైను నిన్ను కాపాడుతుంది. కానీ మెయిల్ లేదు." మోహన్ టైమ్ చూసుకున్నాడు. పదకొండు నలభై. "నోటిమాట మీద నేను మీటింగ్ ఆపలేను. లోకేష్ కాదంటే అయిపోయింది. కాగితం కావాలి."

"ఉన్నది సార్!" అఖిల్ ఒక్కసారిగా లేచాడు. "మెయిల్ పంపేముందు ప్యాచ్ ఒక ఫైల్ లెక్క తయారైతది. గీతల కింద రాసింది కూడా అందులనే ఉంటది. ఆ బుధవారం పాపకి జ్వరం, ఇంటికాన్నుంచి పనిచేసిన. నా లాప్‌టాప్‌ల ఉంది ఆ ఫైల్. నమ్రతకి చెప్తే తెస్తది. ఇరవై నిమిషాలు!"

శాంతి నోట్‌ప్యాడ్ మూసింది. "నేను మీటింగ్ హాఫ్ అవర్ పోస్ట్‌పోన్ చేయిస్తా. ఐ విల్ టాక్ టు దెమ్." మోహన్ అఖిల్ భుజం మీద చెయ్యి వేశాడు. ఒకసారి నొక్కి వదిలేశాడు.

చాముండేశ్వరి మాత్రం వాళ్ళ వైపు చూడడం లేదు. తెర ఇంకా నడుస్తూనే ఉంది.

"మోహన్ గారూ, దాన్ని ఆపండి. కొంచెం పైకి జరపండి. అక్కడ."

నాలుగేసి అక్షరాల వరసల్లో ఒక ముక్క పదే పదే వస్తోంది. రెండు, రెండు, సున్నా, ఏడు. దాని తర్వాత వరసలో 'మ్యాప్స్' అన్న మాట. కింద మళ్ళీ రెండు, రెండు, సున్నా, ఏడు. ఇంకో వరసలో ఏదో వీధి పేరులో సగం.

"ఈ అంతస్తులో ఎవరో ఈ ఉదయం ఒక ఇంటికి దారి వెతుక్కున్నారు," అంది. "ఇరవై రెండు వందల ఏడు. ఎవరి ఇల్లిది?"

అఖిల్ తెర దగ్గరకి వచ్చాడు. అతని ముఖంలో ఇప్పుడే వచ్చిన రక్తం మళ్ళీ దిగిపోయింది.

"మాది. పోయిన శనివారమే మారినం. ఇంకా ఎవరికీ తెల్వదు."

"ఎవరికి చెప్పావు?"

"పొద్దుగాల లోకేష్ అన్నకి. నమ్రత ఒక్కతే ఉంటది, ఏమన్న కావాల్నేమో చూసొస్త, కొత్త అడ్రస్ చెప్పు అన్నడు."

"ఆ ఫైలు గురించి?"

"అది గూడ అడిగిండు. 'ఆ ప్యాచ్ కాపీ ఎక్కడన్న ఉంటే నీకే మంచిది' అన్నడు. ఇంట్ల లాప్‌టాప్‌ల ఉందన్న."

పది నలభైకి బయల్దేరిన మనిషి. ఇప్పుడు పదకొండు నలభై నాలుగు. చాముండేశ్వరి అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. మూడో రింగుకి నమ్రత ఎత్తింది. చాముండేశ్వరి స్పీకర్ నొక్కింది.

"హలో ఆంటీ! మీటింగ్ అయిపోయిందా? మంచి మాటే కదా?"

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా అమ్మా?"

"లోకేష్ అన్నయ్య వచ్చారు. మీకు చెప్పలేదా? అఖిల్ లాప్‌టాప్ ఆఫీసులో చూపిస్తే అంతా తేలిపోతుందన్నారు. లాప్‌టాప్ ఇప్పుడే దొరికింది, ఛార్జర్ ఇంకా విప్పని డబ్బాల్లో ఎక్కడో ఉంది, బెడ్‌రూమ్‌లో వెతుకుతున్నా. పాప ఏడుస్తుంటే ఆయనే ఎత్తుకున్నారు, పాపం."

అఖిల్ గోడకి చేరగిలబడ్డాడు. మోహన్ జేబులోంచి తన ఫోన్ తీసి, గది మూలకి వెళ్ళి పోలీసుల కోసం తొమ్మిది ఒకటి ఒకటి నొక్కాడు. చాముండేశ్వరి గొంతులో ఏ మార్పూ లేదు. వంటింట్లో నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంది.

"నమ్రతా, ఛార్జర్ వదిలెయ్. హాల్లోకి వెళ్ళి పాపని తీసుకో. పాల టైమైందని చెప్పు, నవ్వుతూ చెప్పు. పాప నీ చేతుల్లోకి వచ్చాక లాప్‌టాప్ ఆయనకిచ్చెయ్. ఏమీ అడక్కు."

మోహన్ చటుక్కున తిరిగాడు. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఇచ్చెయ్యడమా? ఉన్నది అదొక్కటే సాక్ష్యం మేడమ్! అది పోతే ఇతని..."

"ఇచ్చెయ్, నమ్మూ," అన్నాడు అఖిల్. గోడ వదిలి ఫోన్ దగ్గరికి వచ్చేశాడు. "నా ఉద్యోగం పోతే పోనీ. ఇచ్చెయ్. పాపని తీసుకో."

"ఏమైంది? అఖిల్? ఎందుకలా..." నమ్రత మాట మధ్యలో ఆగింది. అడుగుల చప్పుడు. తలుపు కిర్రుమన్న శబ్దం. ల్యాబ్‌లో నలుగురూ ఆ చిన్న ఫోన్ మీదికి వంగారు.

"ఆంటీ, హాల్లో లేరు."

"బాల్కనీలోకి వెళ్ళి చూడు."

"బయటి తలుపు తీసుంది. ఆగండి... కనిపిస్తున్నారు. కింద, కారు దగ్గర. డోర్ తీసి పాపని లోపల పెట్టారు. లాప్‌టాప్ కిందికి తెమ్మని నాకు చెయ్యూపుతున్నారు." ఆమె గొంతు సన్నబడి, చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "ఆంటీ, ఆ కార్లో బేబీ సీట్ లేదు. ఇంజిన్ ఆన్‌లో ఉంది."